కిటికీ పక్కన పెట్టిన తొట్టె

హైదరాబాద్‌లో రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు వైద్యం చేయించుకుంటున్న కొందరికి ఇప్పుడు డాక్టర్లు బీఆర్‌సీఏ జన్యు పరీక్ష రాస్తున్నారు. రిపోర్టులో లోపం కనిపిస్తే ఓలాపరిబ్ అనే క్యాన్సర్ మాత్ర ప్రస్తావన వస్తుంది. కణం తన డీఎన్ఏను తానే బాగుచేసుకుంటుందన్న ఎరుక లేకపోతే ఈ మాత్రే లేదు. ఆ ఎరుక కలగడానికే చాలా కాలం పట్టింది.

ఎక్స్-కిరణాలు ఈగల జన్యువులను మారుస్తాయని 1927లో అమెరికా శాస్త్రవేత్త ముల్లర్ చూపించాడు. దెబ్బ తగులుతుందని తెలిసింది కానీ, మానుతుందని చాలామందికి తోచలేదు. 1940ల చివర అమెరికాలో ఆల్బర్ట్ కెల్నర్ సూక్ష్మజీవుల బీజాలపై అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేసి, బతికినవాటిని లెక్కపెట్టేవాడు. లెక్క ఒకరోజులా మరోరోజు వచ్చేది కాదు. వేడిలో తేడా ఉందేమోనని బీజాలను నీళ్ల తొట్టెలో ఉంచి చూశాడు. తొట్టె కిటికీ పక్కన ఉంది. చివరికి తేలిందేమిటంటే, మామూలు వెలుతురు సోకినవి కోలుకుంటున్నాయి! 1949లో ఆ సంగతి అచ్చయింది. అతినీలలోహిత కిరణాలు డీఎన్ఏలో వేసే తప్పుడు అతుకులను వెలుగును వాడుకుని విడదీసే ఎంజైము ఒకటుందని తర్వాత తెలిసింది. మనిషికి ఆ ఎంజైము లేదు. మే నెల ఎండలో ట్యాంక్‌బండ్ మీద నడిచేవారి చర్మకణాలు దెబ్బతిన్న ముక్కను, సుమారు 30 డీఎన్ఏ అక్షరాల మేర, కత్తిరించి కొత్తది నింపుకోవలసిందే. ఈ కత్తిరింపు పద్ధతి మొదట 1964లో బ్యాక్టీరియాలో బయటపడింది. ఎండే శత్రువైన జీరోడెర్మా పిగ్మెంటోసమ్ వ్యాధి పిల్లల కణాలకు ఇదే చేతకాదని 1968లో జేమ్స్ క్లీవర్ పరిశోధన తేల్చింది.

ఎండ తగలకపోయినా డీఎన్ఏ చెడుతూనే ఉంటుంది. ఒంట్లోని నీరే దాన్ని కొరుకుతుంది. డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన సైటోసిన్, అక్కడ ఉండకూడని యురాసిల్‌గా మారితే పట్టి తొలగించే ఎంజైమును 1974లో తోమస్ లిండాల్ కనుగొన్నాడు. ఇక్కడ మన భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావును తలచుకోకుండా ఉండలేను. ఆయన బృందం నుంచి వచ్చిన క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ కణంలో థైమిన్ అనే మరో డీఎన్ఏ అక్షరాన్ని కరువు చేస్తుంది. ఆ ఖాళీలో యురాసిల్ చేరుతుంది. ఎంజైము దాన్ని కోసేస్తుంది, మళ్లీ యురాసిలే వచ్చి కూర్చుంటుంది. కోసి కోసి దారం తెగిపోతుంది. ఆయన 1948లో కన్నుమూసేనాటికి డీఎన్ఏ ఆకారమే ఎవరికీ తెలియదు.

ఓలాపరిబ్‌దీ దాదాపు అదే ఎత్తు. రెండు పోగులూ తెగితే సరిగ్గా అతకడానికి బీఆర్‌సీఏ కావాలి. ఒక పోగు తెగినప్పుడు సాయపడేది పార్ప్ అనే ఎంజైము. ఈ మందు పార్ప్‌ను అడ్డుకుంటుంది. దాంతో తెగిన చోట్లు పేరుకుని, రెండు పోగులూ తెగేదాకా వస్తుంది. బీఆర్‌సీఏ లేని కణితికి అది ప్రాణాంతకం. రోగి ఇతర కణాల్లో మంచి ప్రతి ఒకటి మిగిలే ఉంటుంది కాబట్టి అవి తట్టుకుంటాయి. రెండు బృందాలు దీన్ని 2005లో ప్రకటించాయి, మందుకు 2014లో అనుమతి వచ్చింది. మరుసటి ఏడాది డీఎన్ఏ మరమ్మత్తుపై పరిశోధనలకు లిండాల్, మోడ్రిచ్, సంకార్‌లకు రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

అయితే కొన్ని కణితులు మరో మార్పుతో బీఆర్‌సీఏను తిరిగి పనిలోకి తెచ్చుకుంటున్నాయని 2008లోనే గుర్తించారు. అప్పుడు ఈ మాత్ర పనిచేయదు.