బాలల పునరుద్ధరణ న్యాయానికి నగర నిధులు: అపోహలు, వాస్తవాలు

నగర బడ్జెట్ చర్చకు వచ్చే రోజుల్లో, బాలల పునరుద్ధరణ న్యాయం (రెస్టోరేటివ్ జస్టిస్) అనే పద్దు దగ్గరికి రాగానే, దాన్ని సమర్థించేవారూ వ్యతిరేకించేవారూ కూడా ఆ పని ఎలా జరుగుతుందో చూడకుండానే మాట్లాడటం ఎన్నో ఏళ్లుగా గమనిస్తున్నాను. నేను ఈ రంగంలో సంధానకర్తగా పనిచేస్తున్నాను. తప్పు చేసిన బాలుడు లేదా బాలిక, దానివల్ల నష్టపోయిన వ్యక్తి, ఇరువైపులా వారికి అండగా నిలిచేవారు ఒకచోట కూర్చుని, ఏం జరిగింది, ఎవరికి ఎంత దెబ్బ తగిలింది, దాన్ని సరిదిద్దడానికి ఎవరు ఏం చేయాలి అన్నది తేల్చుకునేలా చూడటం నా పని. ఇందుకు వెచ్చించే ప్రజాధనం గురించి ప్రజలు నిలదీయడం న్యాయమే. అయితే నిలదీయవలసిన చోటు ఒకటైతే, నిలదీస్తున్న చోటు మరొకటి అవుతోంది.

అపోహ: తప్పు చేసిన పిల్లలతో ఒక క్షమాపణ చెప్పించి ఇంటికి పంపడానికి నగరం డబ్బు ఖర్చు పెడుతోంది.

వాస్తవం: కోర్టు గదిలో పిల్లవాడు నోరు విప్పవలసిన అవసరం చాలాసార్లు రాదు. అతని తరఫున న్యాయవాది మాట్లాడతారు, ఎదుటి పక్షాన మరో న్యాయవాది మాట్లాడతారు, నష్టపోయిన మనిషి సాక్షిగా మాత్రమే మిగిలిపోతారు. మా దగ్గర ఆ చాటు ఉండదు. తాను చేసినదాన్ని తన నోటితో, ఆ నష్టం అనుభవించిన మనిషి ముఖం చూస్తూ చెప్పాలి.

ఎవరినీ గుర్తుపట్టడానికి వీలు లేకుండా వివరాలు మార్చి ఒక సంగతి చెబుతాను. పదిహేనేళ్ల బాలుడు రాత్రివేళ ఒక ఇంటి వెనుక తలుపు గడియ విరగ్గొట్టి లోపలికి వెళ్లి, ఒక ఫోనూ కొంత నగదూ తీసుకుపోయాడు. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడను నేను మొదటిసారి కలిసినప్పుడు ఆమె పోయిన డబ్బు ఊసే ఎత్తలేదు. రోజూ రాత్రి బరువైన బల్లను ఈడ్చుకొచ్చి తలుపుకు అడ్డం పెట్టి పడుకుంటున్నానని మాత్రం చెప్పారు. సమావేశానికి వచ్చిన రోజు ఆమె గుడ్డసంచిలోంచి ఆ వంగిపోయిన గడియను తీసి అందరి మధ్యా పెట్టి, “నేను లోపల నిద్రపోతున్నానని నీకు తెలుసా బాబూ?” అని అడిగారు. ఆ బాలుడు చాలాసేపు గడియ వైపే చూస్తూ ఉండిపోయి, “తెలియదండీ. లైట్లు వెలగకపోతే ఎవరూ లేరనుకున్నాను. మీరున్నారని తెలిస్తే వచ్చేవాణ్ణి కాదు” అన్నాడు. ఎవరో తనను కనిపెట్టుకుని ఉండి, ఒంటరిదాన్నని తెలిసే వచ్చారన్న భయం ఆమెను వారాల తరబడి నిద్రపోనివ్వలేదు. ఆ భయానికి జవాబు చెప్పగలిగినవాడు ఆ కుర్రవాడొక్కడే. తీర్పు కాగితంలో ఆ జవాబు దొరకదు. తర్వాత రాసుకున్న ఒప్పందం ప్రకారం అతడు పోయిన డబ్బు విడతలవారీగా తీర్చాలి, ఫోను తిరిగి ఇవ్వాలి, ఆమె ఇష్టపడిన రోజున మేనమామను వెంటబెట్టుకుని వెళ్లి కొత్త గడియ బిగించాలి. దీన్ని శిక్ష తప్పించుకోవడం అనేవారు ఆ గదిలో పది నిమిషాలు కూర్చుని చూడాలని నా కోరిక.

అపోహ: గంటన్నర సమావేశానికి ఇంత డబ్బు ఎందుకు? స్వచ్ఛంద సేవకులతో నడిపించవచ్చు.

వాస్తవం: ఈ అపోహ వల్ల జరుగుతున్నంత చేటు మరి దేనివల్లా జరగడం లేదు. నేను పైన చెప్పిన కేసులో సమావేశం గంటన్నరే సాగింది. దానికి ముందు ఐదు వారాలు పట్టింది. ఆ బాలుణ్ణి నాలుగుసార్లు, పెద్దావిడను మూడుసార్లు, అతని తల్లినీ మేనమామనూ విడివిడిగా కలిశాను. మొదటిసారి ఆ బాలుడు, “స్నేహితులు వెళ్దామన్నారు, వెళ్లాను. ఆమెకేం కాలేదు కదా” అన్నాడు. ఆ స్థితిలోనే అతణ్ణి ఆమె ఎదుట కూర్చోబెట్టి ఉంటే, గడియ విరగ్గొట్టిన రాత్రి తగిలిన దెబ్బకు మా చేతులతో మేమే రెండో దెబ్బ జోడించినట్లయ్యేది. తల్లి పనివేళలను బట్టి రాత్రి తొమ్మిదింటికి వెళ్లి మాట్లాడటం, పెద్దావిడ అడగబోయే ప్రశ్నలను ఆమె మాటల్లోనే రాసుకోవడం, ఎవరు ఎటు కూర్చుంటే ఆమెకు భయం ఉండదో ముందే అడిగి తెలుసుకోవడం, ఒప్పందం అయ్యాక మూడు నెలలపాటు దాని వెంట పడటం, ఇదంతా పనే. నగరం ఇచ్చే నిధుల్లో సింహభాగం ఇలాంటి పని చేసే మనుషుల జీతాలకే పోతుంది, పోవాలి కూడా.

ఇరుగుపొరుగు వారు స్వచ్ఛందంగా వచ్చి సమావేశంలో కూర్చోవడం ఎంతో మేలు చేస్తుంది. కాని వారానికి రెండు గంటలు కేటాయించగలిగిన దాత మనసున్న మనిషి మీద, ఒక పిల్లవాడి కేసు బరువు మొత్తం మోపడం న్యాయం కాదు.

నిధుల ఒప్పందాలు మాత్రం జరిగిన సమావేశాల సంఖ్యనే లెక్కిస్తాయి. ఐదు వారాల సన్నాహం తర్వాత, ఈ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం క్షేమం కాదని సంధానకర్త తేల్చుకుంటే, అది బాధ్యతగా చేసిన మంచి పని. లెక్కల పుస్తకంలో అది సున్నా. అలాంటి చోట సున్నాను తప్పించుకోవడానికి తొందరపడి సమావేశం పెట్టేయాలన్న ఒత్తిడి ఎవరికైనా కలుగుతుంది. దీనికి తోడు, సంస్థ ముందు ఖర్చు పెట్టుకుని బిల్లు పంపితే తర్వాత చెల్లించే పద్ధతి చిన్న సంస్థల నడుము విరుస్తుంది. నేను పనిచేసిన ఒకచోట నిధుల ఒప్పందం కొనసాగింపు నెలల తరబడి ఆగిపోయి, నా సహోద్యోగులిద్దరు వేరే ఉద్యోగాలకు వెళ్లిపోయారు. వారిలో ఒకరితో తన కథంతా చెప్పుకున్న పదహారేళ్ల అమ్మాయి, తన పరిహార ఒప్పందం సగంలో ఉండగా, “మళ్లీ మొదటి నుంచి మీకు చెప్పాలా?” అని నన్ను అడిగింది. చెప్పాల్సి వచ్చింది. ఈ పనికి ఒక ఏడాది నిధులు ఇచ్చి మరుసటి ఏడాది చూద్దాం అనడంలోని నష్టం నాకు ఆ ప్రశ్నలోనే పూర్తిగా అర్థమైంది. కనీసం మూడేళ్ల హామీ లేని కార్యక్రమాన్ని మొదలుపెట్టకపోవడమే పిల్లలకు మేలని నా అభిప్రాయం.

అపోహ: ఇది పరీక్షకు నిలవని కొత్త ప్రయోగం, పనికొచ్చినా చిన్నాచితకా తగాదాలకే పనికొస్తుంది.

వాస్తవం: దీని ఆధునిక చరిత్రను 1974లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో జరిగిన ఒక సంఘటనతో మొదలుపెట్టడం మా రంగంలో ఆనవాయితీ. ఎల్మైరా అనే ఊళ్లో ఇద్దరు యువకులు ఒకే రాత్రి 22 ఆస్తులను ధ్వంసం చేశారు. నేరం చేసినవారిని జైలు బయట పర్యవేక్షించే ప్రొబేషన్ అధికారి మార్క్ యాంట్జీ సూచన మేరకు న్యాయమూర్తి వారిని నష్టపోయినవారి గడప గడపకూ పంపారు. వారు ఇంటింటికీ వెళ్లి తప్పు ఒప్పుకుని, తర్వాత నష్టం చెల్లించారు. న్యూజిలాండ్ 1989లో చట్టం చేసి కుటుంబ సమావేశాన్ని బాలల న్యాయ వ్యవస్థలో అంతర్భాగం చేసింది. ఉత్తర ఐర్లాండ్ కూడా 2002 నాటి చట్టంతో బాలల కేసుల్లో ఇలాంటి సమావేశాలను న్యాయ ప్రక్రియలోకి తెచ్చింది.

తీవ్రత విషయానికి వస్తే, శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో 13 నుంచి 17 ఏళ్ల వయసు పిల్లలకు, దొంగతనం, దాడి వంటి మధ్యస్థ తీవ్రత ఉన్న కేసుల్లో, ఈ అవకాశాన్ని లాటరీ పద్ధతిలో ఇచ్చి చూశారు. మొత్తం 143 మంది పిల్లల ఫలితాలను పోల్చితే, అవకాశం దొరికినవారు ఆరు నెలల్లోపు మళ్లీ అరెస్టు కావడం, దొరకనివారితో పోలిస్తే 44 శాతం తక్కువగా ఉన్నట్లు 2022లో వెలువడిన పరిశోధన చెప్పింది. సంఖ్య చిన్నదే, ఆ మాట కూడా చెప్పాలి. 2013లో వచ్చిన మరో సమీక్ష, పెద్దల కేసులు కూడా ఉన్న పది ప్రయోగాలను కలిపి చూసి, ముఖాముఖి సమావేశాలు ఆస్తి నేరాల కన్నా హింసాత్మక నేరాల్లోనే ఎక్కువ ఫలితం ఇస్తున్నాయని తేల్చింది. అన్నిచోట్లా ఫలితం ఒకేలా ఉండదు. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా ప్రయోగాల్లో హింసాత్మక నేరాలు చేసిన యువకుల్లో పునర్నేరాలు బాగా తగ్గగా, తాగి వాహనం నడిపినవారిలో కొద్దిగా పెరిగాయి. ఇలా నష్టపోయిన మనిషి ఎదురుగా లేని కేసుల్లో ఈ పద్ధతి బలహీనపడటం నా అనుభవంలోనూ చూశాను.

అపోహ: నష్టపోయినవారిని క్షమించమని ఒత్తిడి చేస్తారు.

వాస్తవం: ఇది పెద్దమనుషులు కూర్చుని కుదిర్చే రాజీ కాదు. ఇరుపక్షాల స్వేచ్ఛాయుత సమ్మతి ఉండాలని, ఎప్పుడైనా వైదొలగవచ్చని ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలి 2002లో ఆమోదించిన మౌలిక సూత్రాలు చెబుతున్నాయి. క్షమించమని నేను ఎవరినీ అడగను. క్షమించకుండానే లేచి వెళ్లినవారు కూడా, అడగాలనుకున్నది అడిగేశానన్న తృప్తితో వెళ్లడం చూశాను.

అపోహ: ఈ కార్యక్రమంతో నగర ఖజానాకు వెంటనే ఆదా అవుతుంది.

వాస్తవం: మమ్మల్ని సమర్థించేవారే తరచుగా చెప్పే మాట ఇది, అందుకే దీన్ని సరిదిద్దడం మరింత అవసరం. పైన చెప్పిన 2013 సమీక్షలో, బ్రిటన్‌లో జరిగిన ప్రయోగాలను లెక్కిస్తే, సమావేశాలపై పెట్టిన ఖర్చుకు 3.7 నుంచి 8.1 రెట్ల విలువైన నేర నష్టం తప్పిందని తేలింది. ఆ విలువ ఎవరి ఖాతాలో పడుతుందన్నదే చిక్కు. బాలల నిర్బంధ గృహాలు, కోర్టులు, ప్రొబేషన్ విభాగం సాధారణంగా నగరం చేతిలో ఉండవు, పై ప్రభుత్వాల చేతిలో ఉంటాయి. కార్యక్రమానికి డబ్బు నగరం పెడుతుంది, ఖాళీ అయిన నిర్బంధ గృహంలోని ఆదా మరొకరి పద్దులో చేరుతుంది. దొంగతనం జరగని ఇంటివారికి కలిగిన లాభం ఏ పద్దులోనూ కనిపించదు. పైగా నిర్బంధ గృహంలో ఇద్దరు పిల్లలు తగ్గినంత మాత్రాన ఆ భవనం ఖర్చు తగ్గదు. ఏడాదిలో ఇంత మిగులుతుందని నగర పాలక మండలి సభ్యులకు మాట ఇచ్చిన సంస్థ, మరుసటి ఏడాది ఆ మాటతోనే ఓడిపోతుంది. నిర్బంధ వ్యయం భరించే ప్రభుత్వాన్ని కూడా నిధుల్లో భాగస్వామిని చేయమని అడగడం సరైన దారి.

అపోహ: ఎంత ఎక్కువమంది పిల్లలను చేర్చుకుంటే కార్యక్రమం అంత విజయవంతమైనట్లు.

వాస్తవం: సంఖ్య పెంచమంటే పెంచడానికి అతి సులువైన దారి, మామూలుగా ఒక మందలింపుతో పోలీసులు వదిలేసే పిల్లలను మా దగ్గరికి పంపించడమే. గోడ మీద గీతలు గీసిన పన్నెండేళ్ల పిల్లవాడికి ఇక కేసు ఫైలు, హాజరు, పర్యవేక్షణ మొదలవుతాయి. కోర్టు గుమ్మం ఎక్కాల్సిన పిల్లల్లో ఒక్కరు కూడా తగ్గరు. అందువల్ల ఈ కార్యక్రమం లేకపోతే ఈ పిల్లవాడిపై అభియోగం నమోదయ్యేదా అనే ప్రశ్నకు ప్రాసిక్యూషన్ విభాగం నుంచి లిఖితపూర్వక సమాధానం ఉన్న కేసులనే నిధుల ఒప్పందం లెక్కలోకి తీసుకోవాలి. అదే ఒప్పందంలో గోప్యత కూడా రాసి ఉండాలి. ఇందులో పాల్గొనడాన్ని తర్వాతి విచారణలో నేరాంగీకారానికి సాక్ష్యంగా వాడరాదని 2002 సూత్రాలు స్పష్టంగా చెబుతున్నాయి. డబ్బు ఇస్తున్నాం కనుక పిల్లల పేర్లు, సమావేశంలో వారన్న మాటలు నివేదికలో కావాలని అడిగే నిధిదాతకు కాదని చెప్పే ధైర్యం సంస్థకు ఉండాలి.

అపోహ: నష్టపరిహారం కట్టగలిగే కుటుంబాల పిల్లలకే ఇది అందుతుంది.

వాస్తవం: నగరం తలచుకోకపోతే అది నిజమే అవుతుంది. తల్లిదండ్రులు ఒక్క చెక్కు రాసి పిల్లవాణ్ణి విడిపించుకుంటే అతడు నేర్చుకునేది ఏమీ లేదు, కట్టలేని కుటుంబం అయితే ఒప్పందం దగ్గరే కేసు ఆగిపోతుంది. దీనికి కొన్నిచోట్ల అనుసరించే మార్గం ఒక చిన్న పరిహార నిధి. పిల్లవాడు నగర ఉద్యానవనంలోనో గ్రంథాలయంలోనో పనిచేసిన గంటలకు ఆ నిధి నుంచి డబ్బు లెక్కగట్టి, నష్టపోయినవారికి నేరుగా చెల్లిస్తారు. గడియ విరగ్గొట్టిన బాలుడి విషయంలో మాకు అలాంటి నిధి ఉంది. అతడు పదకొండు శనివారాలు పుస్తకాలు సర్దాడు. ఆఖరి విడత అందిన రోజు పెద్దావిడ ఫోన్ చేసి, డబ్బు చేరిందని చెప్పి, బల్లను దాని చోటికి జరిపి చాలా రోజులైందని అన్నారు.