రెండు గంటలు మరిగినా సీసా ఎందుకు ఉబ్బింది?

పోయిన వేసవిలో తెనాలిలో ఉండే మా మేనత్త డాలస్‌లో ఉన్న కొడుక్కి గుత్తివంకాయ కూర పంపాలనుకుంది. గాజు సీసాలు కడిగి ఆరబెట్టి, వేడివేడి కూర నింపి, మూతలు బిగించి, గంగాళంలో రెండు గంటలు మరగబెట్టింది. చల్లారాక మూతలు లోపలికి లాక్కుని, చూడ్డానికి అచ్చం కొట్లో కొన్నవాటిలానే ఉన్నాయి. తొమ్మిదో రోజుకి ఆరింటిలో రెండు మూతలు ఉబ్బాయి. మిగతా నాలుగూ బాగానే ఉన్నాయి కదా అంది. నేను ఒప్పుకోలేదు, ఆరూ పారబోయించాను. బోట్యులినం అనే సూక్ష్మజీవి వదిలే ప్రాణాంతక విషం ఉంటే వాసనా రాదు, రంగూ మారదు, మూత ఉబ్బి తీరాలనీ లేదు.

"రెండు గంటలు మరిగాయిరా, ఇంకేం బతికి ఉంటుంది అందులో?" అని అడిగింది అత్త. చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు దొరకడానికి ప్రపంచానికి వందేళ్లు పైనే పట్టింది.

అత్త చేసిన పని మొదట చేసినవాడు నికోలా అప్పేర్, పారిస్‌లో మిఠాయిలు చేసేవాడు. సీసాలో ఆహారం నింపి, బిరడా బిగించి, నీళ్లలో మరగబెట్టేవాడు. పద్ధతి బయటపెట్టాలన్న షరతు మీద 1810లో ఫ్రెంచ్ ప్రభుత్వం ఆయనకు 12,000 ఫ్రాంకులు ఇచ్చింది. అది ఎందుకు పనిచేస్తుందో ఆయనకీ తెలియదు, గాలి తగలకపోవడం వల్లే అనుకున్నాడు. సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్ తేల్చడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. ఈలోగా 1813 నాటికే ఇంగ్లండులో రేకు డబ్బాలొచ్చి నావికాదళానికి మాంసం సరఫరా మొదలైంది, 1852లో అదే నావికాదళం గోల్డ్‌నర్ అనే సరఫరాదారు డబ్బాలు తెరిపిస్తే పెద్ద ఎత్తున కుళ్లిన మాంసం బయటపడి గొడవైంది. డబ్బా పెద్దదయ్యేసరికి మధ్యకి వేడి చేరలేదన్నది అప్పుడు వినిపించిన ఒక కారణం.

మామూలు నీళ్లు వంద డిగ్రీలు దాటవు. 1861 ప్రాంతంలో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఐజక్ సాలమన్ నీళ్లలో కాల్షియం క్లోరైడ్ కలిపి మరిగే వేడిని 115 డిగ్రీల దాకా తెచ్చాడు, దాంతో ఆరు గంటల పని అరగంటకు దిగింది. కాకపోతే లోపలి ఒత్తిడికి డబ్బాలు పేలేవి. 1874లో అదే ఊళ్లో ష్రైవర్, మూత బిగించి ఆవిరి పట్టి ఉంచే పాత్ర తెచ్చాడు. డబ్బా బయట కూడా ఒత్తిడి ఉండేసరికి పేలడం తగ్గింది. ఇప్పుడు మన ఆహార యూనిట్లలో రిటార్ట్ అంటున్నది దీన్నే, వంటింటి ప్రెషర్ కుక్కర్‌కి పెద్దక్క అనుకోండి.

ఆ ఆరు గంటలు అరగంట ఎలా అయ్యాయో లెక్క తెలిసింది మాత్రం తర్వాతే. 1895లో బోస్టన్‌లో అండర్‌వుడ్ కంపెనీ డబ్బాలు ఉబ్బుతుంటే, విలియం లైమన్ అండర్‌వుడ్ ఎంఐటీ విశ్వవిద్యాలయానికి వెళ్లి అక్కడి శాస్త్రవేత్త శామ్యూల్ ప్రెస్కాట్‌ని కలిశాడు. మరిగే నీళ్లలో కూడా చావని స్పోర్లు ఉన్నాయని వాళ్లిద్దరూ కలిసి తేల్చారు. స్పోర్ అంటే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతున్న సూక్ష్మజీవి అనుకోవచ్చు. 1919లో ఒహాయోలోని కాంటన్‌లో ఒక విందులో సీసాలో నిల్వచేసిన కాలిఫోర్నియా ఆలివ్‌లు తిని మనుషులు చనిపోయారు. కాలిఫోర్నియా క్యానింగ్ పరిశ్రమ గడగడలాడింది, పరిశోధనకు డబ్బు పెట్టింది. 1922లో ఎస్టీ, మేయర్ అనే ఇద్దరు బోట్యులినం స్పోర్లు ఎంత వేడికి ఎంతసేపట్లో చస్తాయో కొలిచి ప్రచురించారు. ఈ రోజు ప్రపంచమంతా వాడే 121 డిగ్రీలు, 3 నిమిషాలు అన్న లెక్కకి పునాది అదే.

అత్తకి ఈ లెక్కే చెప్పాను. వేడి పది డిగ్రీలు తగ్గితే పట్టే టైం పదింతలు అవుతుంది. 121 దగ్గర 3 నిమిషాలైతే 111 దగ్గర 30, 101 దగ్గర 300, అంటే ఐదు గంటలు. వంద దగ్గర ఆరు గంటల పైమాటే, అదీ కూర నట్టనడుమ అంత వేడి ఉన్నప్పుడు. హైదరాబాద్‌లో అయితే ఎత్తు వల్ల నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి కాబట్టి ఇంకా ఎక్కువ.

మరి అమ్మమ్మలు పెట్టిన గోంగూర పచ్చడి ఏడాదంతా ఎలా నిలిచింది? పులుపు వల్ల, ఉప్పు వల్ల. పులుపుని కొలిచే అంకె పీహెచ్, పులుపు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. అది 4.6 కంటే తక్కువుంటే బోట్యులినం స్పోరు మొలకెత్తలేదు. చిత్తూరు వైపు తోతాపురి మామిడి గుజ్జు యూనిట్లు వంద డిగ్రీల లోపు వేడితోనే డబ్బాలు నింపగలుగుతున్నాయంటే ఆ పండులోని పులుపే కారణం. పప్పు, కోడికూర, వంకాయ కూర ఆ గీతకి అవతలివైపు ఉంటాయి. చింతపండు వేశాం కదా అని నమ్మడానికి లేదు, మీటరు పెట్టి చూడాల్సిందే.

జపాన్‌లో 1968లోనే రిటార్ట్ పౌచ్‌లో, అంటే రిటార్ట్ వేడికి తట్టుకునే సంచిలో, కూర అమ్మకానికొచ్చింది. మన దగ్గర మైసూరులో 1950లో ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ, 1961లో సైన్యం తిండి కోసం డీఎఫ్‌ఆర్‌ఎల్ అనే ప్రయోగశాల వచ్చాయి, కొండల మీద సైనికుడికి వేడి చేసుకుని తినే కూర పౌచ్‌లు ఈ రెండోదాని పనే. అయినా చాలాకాలం రిటార్ట్ అంటే పెద్ద ఫ్యాక్టరీ వ్యవహారమే. ఇప్పుడు ఒక గదిలో పట్టే చిన్న మిషన్లు వచ్చాయి, 2020లో కేంద్రం మొదలుపెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో చిన్న ఆహార యూనిట్లకి 35 శాతం, 10 లక్షల దాకా సబ్సిడీ పెట్టారు. సంతోషమే. కానీ మిషన్ కొన్నంత తేలిక కాదు కొలవడం. ఒక్కో కూరకి ఒక్కో టైం, రసానికి సరిపోయింది ముద్దపప్పుకి సరిపోదు, పల్చటిది లోపల తిరుగుతూ వేడెక్కుతుంది, చిక్కటిది అంచు నుంచి మెల్లగా కాగుతూ రావాలి. ఈ కొలత నేర్పే మనిషి జిల్లాకొకరు ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అత్తని తెలిసినవాళ్ల చిన్న యూనిట్‌కి తీసుకెళ్లాను. పౌచ్‌కి చిన్న కన్నం పెట్టి, ఆవిరి పోకుండా నట్టు బిగించి, అందులోంచి వేడి కొలిచే సన్నటి థర్మోకపుల్ తీగ దూర్చి, దాని మొనని అన్నిటికంటే లావు వంకాయలో, కూరిన మసాలా ముద్ద నడుమ గుచ్చారు. మిషన్ మీటరు 121 చూపిస్తున్నప్పుడు ఆ తీగ చూపించింది 104. అత్త ఆ రెండు అంకెల వైపూ మార్చి మార్చి చూసింది. నడుమ కూడా వేడెక్కేదాకా ఆగి, ఆ తర్వాతే టైం లెక్క మొదలుపెట్టారు. చల్లార్చేటప్పుడు పౌచ్‌లు పగలకుండా లోపలికి గాలి ఒత్తిడి ఎక్కించారు.

బయటికొచ్చాక అత్త నేరుగా కూరగాయల బజారుకి పదమంది. బుట్టంతా కలియబెట్టి, అన్నీ ఒకే సైజున్న లేత బుల్లి వంకాయలు ఏరడం మొదలుపెట్టింది.