నెత్తిమీది దూలం ప్లానులో ఎందుకు కనిపించదు?

కంప్యూటర్‌లో గీతలు గీసే ఆటోక్యాడ్‌ను వదిలి, భవనాన్నే త్రీడీ మోడల్‌గా కట్టే రెవిట్ సాఫ్ట్‌వేర్‌కు మారిన డ్రాఫ్ట్స్‌మన్‌కు (ప్లాన్లు గీసేవాడికి) తొలి రోజుల్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. మొదటి అంతస్తు ప్లాను తెరిచి అందులో బీము, అంటే కాంక్రీటు దూలం, వేస్తాడు. మరుక్షణం తెర మీద హెచ్చరిక వస్తుంది: ఇప్పుడు చేర్చినవేవీ ఈ ప్లానులో కనిపించవు, సెట్టింగులు సరిచూసుకోండి. బీము ఎక్కడికీ పోలేదు. త్రీడీలో తిప్పి చూస్తే తన చోట తాను చక్కగా ఉంది, కాంక్రీటు పరిమాణం లెక్కలోకీ వస్తుంది. ప్లానులో మాత్రం లేదు.

కారణం ప్లాను అనే చిత్రంలోనే ఉంది. ఇంటిని అడ్డంగా కోసి, పై ముక్క తీసేసి, కిందికి చూస్తే కనిపించేదే ప్లాను. రెవిట్‌లో ఆ కోత మామూలుగా నేల నుంచి 1200 మిల్లీమీటర్ల ఎత్తున, అడుగుల లెక్కలో 4 అడుగుల ఎత్తున ఉంటుంది. తలుపులు, కిటికీలు తెగి కనిపించడానికి అది సరైన ఎత్తు. బీము అంతకు చాలా పైన ఉంటుంది కాబట్టి తీసేసిన ముక్కతోపాటు పోతుంది. పోనీ పై అంతస్తు ప్లానులో ఉంటుందా అంటే, బీము పైఅంచు ఆ అంతస్తు మట్టానికే ఆనుకుని, మిగతాదంతా కిందికి దిగి ఉంటుంది. అక్కడా చూపు దానిదాకా చేరదు. రెండు అంతస్తుల నడుమ ఉన్న బీము ఏ అంతస్తుకూ చెందకుండా పోతుంది.

రాయలసీమ మిద్దె ఇళ్లలో ఈ ప్రశ్నకు తావు లేదు. అక్కడ దూలమే ఇంటికి కొలత. దూలానికీ దూలానికీ మధ్య జాగా ఒక అంకణం. ఇల్లు ఎంత పెద్దదో అంకణాల లెక్కలో చెప్పేవారు. దొరికిన మాను పొడవును బట్టి గది వెడల్పు తేలేది. కంబాల (స్తంభాల) మీద దూలాలు, వాటిపై దంతెలు (సన్నటి అడ్డకట్టెలు), ఆపైన బండలో కట్టెలో పరిచి చౌడుమట్టి పోసేవారు. పడుకుని పైకి చూస్తే ప్రతి దూలమూ కనిపించేది. దాన్ని కాగితం మీద చూపవలసిన అవసరమే రాలేదు.

కాంక్రీటు వచ్చాక దూలం స్లాబులో కలిసిపోయింది. 9 అంగుళాల గోడ మీద అంతే వెడల్పు బీము పడితే ఎవరికీ తెలియదు. 4.5 అంగుళాల అడ్డగోడ మీద పడితే పక్కకు పొడుచుకొస్తుంది. హాలుకూ భోజనాల గదికీ మధ్య గోడ తీసేస్తే నడిమధ్య వేలాడుతుంది. అందుకే ట్రేసింగ్ కాగితం మీద ఇంకు పెన్నుతో గీసిన కాలంలో ఒక ఆచారం స్థిరపడింది: కోతకు పైనున్న బీమును, అటకను, సన్‌షేడును డాటెడ్ గీతలతో చూపడం. కోత నియమం ప్రకారం అవి అక్కడ ఉండకూడదు. అయినా గీసేవారు. ఆ కాగితం పట్టుకుని పని చేసే మేస్త్రీకి అవి కావాలి కదా. 1982లో వచ్చిన ఆటోక్యాడ్ కూడా ఈ ఆచారాన్ని కదపలేదు. బీములకు ఒక లేయరు (విడి పొర), దానికి డాటెడ్ గీత ఇస్తే పని అయిపోయేది.

అసలు మలుపు వేరే దారిలో వచ్చింది. భవనమంతటినీ కంప్యూటర్‌లో ఒకే వర్ణనగా ఉంచి, ప్లాన్లూ సెక్షన్లూ (నిలువు కోత చిత్రాలూ) దాని నుంచే తీయాలని, ఒకచోట మార్పు చేస్తే అన్ని చిత్రాలూ మారాలని అమెరికాలో చార్లెస్ ఈస్ట్‌మన్ 1975లో ప్రతిపాదించారు. బుడాపెస్ట్‌లో 1982లో మొదలైన గ్రాఫీసాఫ్ట్ కంపెనీ ఆర్కిక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ దారి పట్టింది. 2000లో రెవిట్ విడుదలైంది; 2002లో ఆటోక్యాడ్ కంపెనీ ఆటోడెస్క్ దాన్ని కొనుక్కుంది. ఈ పద్ధతిలో లాభం చాలా పెద్దది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ప్లాను ఇప్పుడు కోతకు పూర్తిగా కట్టుబడింది. చదివేవారి కోసం డ్రాఫ్ట్స్‌మన్ తన ఎరుకతో చేర్చిన గీతకు ఆ జ్యామితిలో చోటు లేదు.

ఆర్కిక్యాడ్ దీనికి కొంత మెరుగైన జవాబు ఇచ్చింది. బీము సెట్టింగుల్లోనే దాన్ని నెత్తిమీది వస్తువుగా చూపమని చెప్పవచ్చు. బీము జరిగితే గీతా జరుగుతుంది. రెవిట్‌లో మాత్రం తలా ఒక ఉపాయం. పై అంతస్తును అండర్‌లేగా (లేతగా కనిపించే నేపథ్యంగా) తెచ్చుకుని, లైన్‌వర్క్ సాధనంతో ఒక్కో అంచునూ డాటెడ్‌గా మార్చవచ్చు, కానీ ప్రతి ప్లానులో ఆ పని మళ్లీ చేయాలి. కోతను బీముదాకా పైకి జరిపితే తలుపులు, కిటికీలు గోడల్లో కలిసిపోతాయి. పైకి చూసే మరో వ్యూలో బీములను మాత్రమే ఉంచి, షీటు మీద ప్లానుతో సరిగ్గా కలిపి పెట్టేవారూ ఉన్నారు. నాకు ఇదే నచ్చుతుంది, ఎందుకంటే ఆ గీతలు మోడల్ నుంచే వస్తాయి. అన్నిటికన్నా ప్రమాదకరం తొందరలో చేతితో విడి గీతలు గీసేయడం. ఇంజనీరు బీమును అడుగు పక్కకు జరిపినా ఆ గీత పాత చోటే ఉంటుంది, ప్రింటులో నిజంలాగే కనిపిస్తుంది.

మరో తికమక ఉంది. ఆర్కిటెక్టు గ్రౌండ్‌ఫ్లోర్ ప్లానులో డాటెడ్ గీత అంటే నెత్తిమీది బీము. ఇంజనీరు మొదటి అంతస్తు ఫ్రేమింగ్ ప్లానులో (బీములు, స్లాబులు చూపే ప్లానులో) అదే బీము, అదే రకం గీతతో, స్లాబు కింద దాగినదిగా కనిపిస్తుంది. రెండు షీట్లూ ఒకే సైటులో ఉన్నప్పుడు ఆ బీములు ఏ స్లాబువో షీటు మీద రాసి ఉండకపోతే సెంట్రింగ్ (కాంక్రీటు పోసే అచ్చు) కొట్టేవారు పొరబడటంలో వారి తప్పేమీ లేదు.

కడపలోనైనా కర్నూలులోనైనా ఇల్లు కట్టించుకునేవారు మోడల్ తెరవరు, ప్రింటు చూస్తారు. దూలం కింద మంచం వేయకూడదని మన పెద్దలు చెబుతారు. ఆ పట్టింపు ఉన్న కుటుంబం పడకగదిలో బీము ఎక్కడ వస్తుందో ముందే తెలుసుకోవాలనుకోవడం న్యాయం. పట్టింపు లేనివారికీ ఎత్తు లెక్క తప్పదు. 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతి బీము కింద కనీసం 2.4 మీటర్ల ఖాళీ ఉండాలంటుంది. ఒక స్లాబు పైమట్టం నుంచి మరో స్లాబు పైమట్టానికి 10 అడుగులు పెట్టి 24 అంగుళాల లోతు బీము వేస్తే కింద 8 అడుగులు, అంటే దాదాపు 2.44 మీటర్లు మిగులుతాయి. మట్టం సరిచేసి బేతంచెర్ల బండలు పరిచేసరికి నేల 2 అంగుళాలు పైకి వచ్చిందంటే ఖాళీ 2.4 మీటర్ల కిందికి పడిపోతుంది. మెట్ల దగ్గర పరిస్థితి మరీ కష్టం. పైకెక్కే మనిషి తలకూ బీము కింది అంచుకూ మధ్య ఎంత ఉందో గీత లేని ప్లాను చెప్పదు, సెంట్రింగ్ విప్పాక తెలిసినా బీమును చెక్కలేరు. అందుకే డాటెడ్ గీత ఒక్కటే చాలదు. దాని పక్కనే బీము కింది అంచు, వేయబోయే నేల పైమట్టం నుంచి ఎన్ని అడుగుల ఎత్తున ఉంటుందో అంకెల్లో రాయాలి.