వంపులో ఏ అంచున కొలిచారు?

రోడ్డు వాలు 35 శాతం అంటే చాలామంది 35 డిగ్రీలనుకుంటారు. అడ్డంగా 100 మీటర్లు వెళ్లేసరికి 35 మీటర్ల ఎత్తు పెరిగితే అది 35 శాతం. కోణంలో చెబితే 19 డిగ్రీల పైచిలుకే. 45 డిగ్రీలకే 100 శాతం అయిపోతుంది. ఎత్తును అడ్డం దూరంతో భాగించే ఈ లెక్కే టాన్ థీటా. బడిలో దాని పేరెత్తగానే కొబ్బరిచెట్టు ఎత్తు, గోపురం ఎత్తు లెక్కలే తప్ప రోడ్డు ఊసెత్తరు.

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో బాల్డ్విన్ స్ట్రీట్ పొడవు దాదాపు 350 మీటర్లే. ప్రపంచంలోకెల్లా నిటారు వీధిగా గిన్నిస్ రికార్డు దానిదే. 2019 జులైలో ఆ రికార్డు వేల్స్‌లోని హార్లెక్ ఊళ్లో ఉన్న ఫోర్ద్ పెన్ లెఖ్‌కు వెళ్లింది: 37.45 శాతం. 2020 ఏప్రిల్‌లో తిరిగి బాల్డ్విన్‌కే వచ్చింది. రెండు రోడ్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి, మారింది కొలిచిన గీత.

హార్లెక్ రోడ్డు మెలిక తిరుగుతుంది. చార్మినార్ మీనారు మెట్లు ఎక్కినవాళ్లకు ఈ సంగతి కాళ్లకే తెలుసు. ఒకే మెట్టు, ఒకే ఎత్తు. లోపలివైపు పాదం పట్టదు, గోడవైపు హాయిగా ఆనుతుంది. రోడ్డు వంపూ అంతే: దిగే ఎత్తు ఒక్కటే, లోపలి అంచున నడక తక్కువ, కాబట్టి వాలు ఎక్కువ. 37.45 లోపలి అంచు లెక్క. నడిగీత మీద కొలిస్తే 28.6 శాతమే. ఈ రెంటి నిష్పత్తి 1.31. అంటే లోపలి అంచు వ్యాసార్ధం 6.5 మీటర్లనుకుంటే, 2 మీటర్లు పక్కకు జరిగితే చాలు, ఇంత తేడా వచ్చేస్తుంది. బాల్డ్విన్ తిన్నగా ఉంటుంది. అక్కడ ఈ పేచీ లేదు, నడిగీత మీద 34.8.

మీ వీధి వాలు చూడాలంటే మీటరు కర్ర ఒక కొన పైవైపు నేలకు ఆనించి, మేస్త్రీల స్పిరిట్ లెవెల్‌తో మట్టం చేయండి. రెండో కొన కింద ఎన్ని సెంటీమీటర్ల ఖాళీ ఉంటే అంత శాతం. కంటిని మాత్రం నమ్మొద్దు. లద్దాఖ్ 'అయస్కాంత కొండ' మీద బండి ఎగువకు పాకినట్టు కనిపించేది కంటి పొరపాటే, అయస్కాంతం మహిమేం కాదు.

బాల్డ్విన్ పైభాగం కాంక్రీటు. తారు వేస్తే ఎండపూట మెత్తబడి కిందికి జారుతుంది.

అక్కడ కారు నిలపడం ఇంకో లెక్క. హ్యాండ్‌బ్రేక్ సాధారణంగా వెనక చక్రాలకే. చదునులో బరువు ముందూ వెనకా సగం సగం, గురుత్వ కేంద్రం 55 సెంటీమీటర్ల ఎత్తున, ఇరుసుల మధ్య 2.5 మీటర్లు అనుకుందాం. ముఖం దిగువకు పెడితే వెనక చక్రాల మీద బరువు 40 శాతానికి పడిపోతుంది, నిలవాలంటే ఘర్షణ గుణకం (చక్రం నేలను పట్టే బలానికీ, దాని మీది బరువుకూ నిష్పత్తి) 0.82 కావాలి. ఎగువకు పెడితే 0.60 చాలు. పొడి కాంక్రీటు ఇచ్చేది 0.7 ప్రాంతం, వాన పడితే అదీ ఉండదు. అందుకని ముఖం ఎగువకు, ఫస్ట్ గేరు, స్టీరింగు రోడ్డు మధ్యకు తిప్పి ఉంచాలి. కారు వెనక్కి జారినా ముందు చక్రం పేవ్‌మెంట్ అంచుకు తగిలి ఆగుతుంది.