అడుగు నేల ఎవరిది?

మొక్కలు పెంచిన అక్వేరియం ట్యాంకులో ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటి పెద్ద చేపను వదిలితే కొద్ది రోజుల్లోనే మొక్కలు వేళ్లతో సహా పైకి తేలతాయి. ఇవి సిక్లిడ్లనే చేపల కుటుంబానివి. నేల తవ్వడం చాలా సిక్లిడ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ కుటుంబంలోనే వేలెడు పొడవు దాటని చేపలూ ఉన్నాయి: అమెజాన్ ఏరుల్లోని అపిస్టోగ్రామాలు, వెనిజులా, కొలంబియా మైదానాల్లో ఒరినోకో వైపు నీళ్లలో బతికే రామ్, నైజీరియా నుంచి వచ్చిన క్రిబెన్సిస్. వీటిని డ్వార్ఫ్ సిక్లిడ్లంటారు. అపిస్టో, రామ్ ఇసుకను నోటితో తీసుకుని తిండి ఏరుకుంటాయి, మిగిలింది మొప్పల్లోంచి వదిలేస్తాయి. మొక్కల్ని పీకేంత బలం వాటికి లేదు. అందుకే పచ్చటి ట్యాంకుకు ఇంతకంటే తగిన సిక్లిడ్లు లేవని నా నమ్మకం. అడుగున పరిచేది సన్న ఇసుకే కావాలి. గరుకు రాళ్లు వాటి నోటికీ మొప్పలకూ గాయం చేస్తాయి.

చిన్న చేపలే కదా, దేనితోనైనా కలిసిపోతాయిలే అనుకుంటారు చాలామంది. కొద్ది వారాలకే ఒక చేప తోక చిరిగి మూల నక్కుతుంది. అప్పుడు ఆ చేప మంచిది కాదని, ఈ జాతి కోపిష్టిదని తీర్మానిస్తారు. స్వభావాన్ని తప్పుపట్టేముందు ట్యాంకు అడుగు ఎంత వెడల్పుందో, అక్కడ ఎవరెవరు ఉంటున్నారో చూడాలి.

అపిస్టోగ్రామా కాకటూయిడెస్‌నే తీసుకుందాం. మగది సుమారు 8 సెంటీమీటర్లు, ఆడది 5. మగచేప నేలలో కొంత మేర తనదిగా పెట్టుకుంటుంది. ఆ మేరలోనే రెండు మూడు ఆడచేపలు తలా ఒక గుహ చూసుకుంటాయి. ఆడచేప గుహ పైకప్పుకు గుడ్లు అంటించి కాపలా కూర్చుంటుంది. ఆ రోజుల్లో దాని ఒళ్లు పసుపు పచ్చగా మారి, నల్లటి గుర్తులు తేలతాయి. తనకంటే రెండింతలున్న చేపను, ఒక్కోసారి తన మగచేపను కూడా, తరిమి కొడుతుంది. మగది బయటి సరిహద్దు తిరుగుతుంది. రామ్ పద్ధతి వేరు. చదునైన రాయి మీద బహిరంగంగా గుడ్లు పెట్టి, తల్లీ తండ్రీ ఇద్దరూ కాస్తాయి. రెండింటికీ కావాల్సింది మాత్రం నేలే.

ట్యాంకు కొనేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తున్న ట్యాంకులో 54 లీటర్లు పడతాయి. అడుగు 1800 చదరపు సెంటీమీటర్లు. అదే 54 లీటర్లు పట్టే నిలువు ట్యాంకు, 30 పొడవు, 30 వెడల్పు, 60 ఎత్తుది కొంటే అడుగు 900కు పడిపోతుంది. నీళ్లు అవే, సిక్లిడ్‌కు దక్కే చోటు సగం. నా మట్టుకు 60 సెంటీమీటర్ల ట్యాంకులో ఒక మగది, ఒకటి లేదా రెండు ఆడవి చాలు. రెండో మగదానికి అక్కడ చోటు లేదు.

మొక్కల అసలు ఉపయోగం ఇక్కడే తెలుస్తుంది. ఎదుటి చేప కంట పడితేనే సిక్లిడ్ దూకుతుంది. క్రిప్టోకోరైన్ పొదలు, చెక్కకు కట్టిన జావా ఫెర్న్, అనూబియాస్ ఇరుగుపొరుగు మధ్య ప్రహరీగోడలా చూపును ఆపుతాయి. ఒక గుహ ముఖం ఇంకో గుహకు కనపడకుండా తిప్పి పెడితే సగం తగాదాలు మొదలే కావు. పైన అంతరతామర కొంచెం తేలనిస్తే వెలుతురు తగ్గి చేపలు నెమ్మదిస్తాయి. పైగా ఎదిగే మొక్కలు నీటిలోని అమ్మోనియాను, నైట్రేట్‌ను పీల్చుకుంటాయి. రామ్‌లాంటి సున్నితమైన చేపకు అది ప్రాణాధారం. కొత్తగా నింపిన ట్యాంకులో రామ్‌ను వేయనే కూడదు. మొక్కలు నిలదొక్కుకుని, ఫిల్టరులో చేపల వ్యర్థాన్ని విరిచే బ్యాక్టీరియా స్థిరపడ్డాకే తేవాలి.

తోడు చేపల్ని ఎంచేటప్పుడు రంగు కాదు, అవి ఏ నీళ్లలో తిరుగుతాయో చూడండి. పైనీళ్లకు పెన్సిల్ ఫిష్, హాచెట్ ఫిష్ బాగుంటాయి. హాచెట్ గాల్లోకి ఎగురుతుంది కాబట్టి మూత తప్పనిసరి. నడిమి నీళ్లకు కార్డినల్ టెట్రాల గుంపు. ఈ గుంపు అందానికే కాదు. చిన్న చేపలు బయట నిర్భయంగా తిరుగుతుంటే, దగ్గర్లో ప్రమాదం లేదని సిక్లిడ్ గ్రహించి పొదలోంచి బయటికి వస్తుంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేపల ప్రవర్తనను పరిశీలించిన జార్జ్ బార్లో 1968లో దీని గురించి రాశాడు. అలాంటి తోడు చేపల్ని అక్వేరియం వాళ్లు ఇప్పటికీ డిథర్ ఫిష్ అంటారు. బార్లో ఆరెంజ్ క్రోమైడ్ మీద కూడా ఎంతో పనిచేశాడు. మన దక్షిణ భారతం, శ్రీలంక తీరాల నీళ్లలో ఉండే చిన్న సిక్లిడ్ అది. మన దేశంలో పుట్టిన సిక్లిడ్లు మూడే జాతులు, వాటిలో ఇదొకటి. అయితే కాస్త ఉప్పదనం ఉన్న నీళ్ల చేప కాబట్టి అమెజాన్ చేపలతో దాన్ని కలపకండి.

చిక్కంతా అడుగున తిరిగే తోడుతోనే. కోరిడోరస్ శాంతమైన చేప, కానీ నేల మీద గీసిన హద్దులు దానికి పట్టవు. పగలంతా తల్లిచేప పొడుస్తున్నా మళ్లీ అటే వస్తుంది, కళ్లకు దెబ్బ తగలొచ్చు. రాత్రయితే తిరగబడుతుంది కథ. చీకట్లో సిక్లిడ్‌కు చూపు ఆనదు, కోరిడోరస్ మీసాలతో తడుముకుంటూ గుడ్లు, పిల్లలు మేసేస్తుంది. చిన్న ట్యాంకులో ఈ రెండిటినీ కలపొద్దనే నేనంటాను. నాచు తినడానికి ఒటోసింక్లస్ అనే చిన్న చేప చాలు. చెర్రీ రొయ్యలు వేస్తే వాటి పిల్లలు మిగలవని తెలిసే వేయాలి. టైగర్ బార్బ్‌లు రెక్కలు కొరుకుతాయి, వాటిని దూరం పెట్టండి. బెలూన్ రామ్ పేరుతో వెన్ను వంచి పెంచిన గుండ్రటి చేపల్ని మాత్రం కొనకండి. వంకర వెన్నుతో అవయవాలు ఇరుక్కుని బతికే ప్రాణి అది. మనం కొన్నంత కాలం వాటిని పుట్టిస్తూనే ఉంటారు.

నీళ్ల సంగతి. హైదరాబాద్‌లో చాలా చోట్ల బోరు నీళ్లు బాగా కఠినం. తరాలుగా ట్యాంకుల్లో పెరిగిన కాకటూయిడెస్ ఓ మోస్తరు కఠినత్వం ఓర్చుకుంటుంది. అడవి నుంచి పట్టి తెచ్చిన జాతులకు మెత్తటి, కొంచెం ఆమ్లగుణమున్న నీళ్లు కావాలి. ఆర్వో నీళ్లలో కొంత మామూలు నీరు కలిపి సరిచేసుకోవచ్చు. ఎండి రాలిన బాదం ఆకులు నాలుగు వేస్తే నీరు టీ రంగుకు తిరుగుతుంది, ఆకుల కింద పిల్లలకు మరుగు దొరుకుతుంది. అమెజాన్ ఏరుల అడుగున ఉండేదీ ఆకుల పరుపే. మన వీధుల్లో చెట్ల కింద ఊడ్చి పారేసే ఈ ఆకుల్ని విదేశాల్లో పెంపకందారులు డబ్బిచ్చి కొంటారు.

ఏ చేపకు ఏది తోడో నీటి వేడి కూడా నిర్ణయిస్తుంది. రామ్‌కు 27 నుంచి 30 డిగ్రీలు కావాలి. చల్లదనం కోరే నియాన్ టెట్రాకు అది ఎక్కువ, కార్డినల్‌కు సరిపోతుంది. ఇంకో విశేషం ఉంది. జర్మనీలో ఊవె రోమర్, బైజెన్‌హెర్జ్ అనే పరిశోధకులు 37 అపిస్టోగ్రామా జాతులను పరీక్షించి 1996లో ఫలితాలు ప్రకటించారు. చాలా జాతుల్లో పిల్లలు ఆడవా మగవా అన్నది తొలి వారాల్లో నీటి వేడిని బట్టి మారుతోంది. వేడి పెరిగితే మగవి ఎక్కువవుతాయి. మన వేసవిలో, 30 దాటిన నీళ్లలో పెరిగిన పిల్లల్లో మగవే ఎక్కువయ్యే అవకాశముంది. పెద్దయ్యాక అవన్నీ ఒకే నేల కోసం కొట్టుకుంటాయి. అపిస్టో పిల్లల్ని పెంచే ఉద్దేశముంటే చలికాలంలో, హీటరు 25, 26 డిగ్రీల దగ్గర పెట్టి గుడ్లు పెట్టనివ్వండి.