ఒక్క అయ్యోరి బడి నుంచి ఏడుగురు సార్ల బడికి

మా చిత్తూరు పల్లెల్లో ఐదో తరగతి దాకా బడి అంటే ఒక అయ్యోరు, మహా అయితే తోడుగా ఒక మేడం. తెలుగైనా లెక్కలైనా ఆయనే చెప్తాడు. ఎవరి నాన్న బెంగళూరులో పనికి పోయాడో, ఎవరు పొద్దున తినకుండా వచ్చారో కూడా ఆయనకు తెలుసు. జూన్ 12న బడులు తెరిచాక ఆరో తరగతికి హైస్కూలు గేటు దాటితే అదే పిల్లవాడికి పీరియడ్‌కొక కొత్త ముఖం. హిందీ అయితే అక్షరాల దగ్గర నుంచీ కొత్తే. ఇదంతా మెల్లగా అలవాటవుతుంది. మొదటి వారం టెన్షన్ మాత్రం పాఠాల గురించి కాదు. బాత్రూం ఎటు, అన్నం ప్లేటు ఎక్కడ కడగాలి, మోకాలు చీరుకుంటే ఎవరికి చెప్పాలి? ఇవే.

ఇవి చెప్పే పని ఎవరిదో మన దగ్గర ఎప్పుడూ తేలలేదు.

మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో ఆరో తరగతిని ఫస్ట్ ఫారం అనేవాళ్లు. చాలాచోట్ల పరీక్ష పెట్టి చేర్చుకునేవాళ్లు. పిల్లవాడు తమకు పనికొస్తాడా లేదా అని బడి చూసుకునేది. సీటు దొరికితే చాలనుకునే కాలం, ఇక వాడికి బడిని తిప్పి చూపించాలని ఎవరికి తోస్తుంది?

1959లో పంచాయతీరాజ్ వచ్చింది. హైస్కూళ్లు జిల్లా పరిషత్తు కిందికి, ఊరి బడులు పంచాయతీ సమితి కిందికి పోయాయి. 1980ల్లో సమితులు పోయి మండలాలు వచ్చాక ఊరి బడి బోర్డు మీద మండల పరిషత్ అని మారింది. నన్నడిగితే చిక్కంతా ఇక్కడే ఉంది. రెండు బడుల మధ్య ఒక గోడే అడ్డమున్నా యాజమాన్యాలు వేరు. ఊరి బడిని మండల విద్యాధికారి (ఎంఈఓ) చూస్తే, హైస్కూలును ఉప విద్యాధికారి (డిప్యూటీ డీఈఓ) చూస్తాడు. ఐదో తరగతి అయ్యోరికీ ఆరో తరగతి క్లాస్ టీచరుకూ మాట్లాడుకునే పని పడదు. పిల్లవాడి వెంట ఇక్కడి నుంచి అక్కడికి పోయేది టీసీ ఒక్కటే. అందులో పుట్టిన తేదీ ఉంటుంది, పుట్టుమచ్చలు కూడా ఉంటాయి. ‘వీడికి నత్తి ఉంది, మొదటి రోజే నిలబెట్టి చదివించొద్దు’ అనే మాటకు గడి లేదు. తిరుపతి టౌన్లో అయితే మున్సిపల్ బడులు, టీటీడీ హైస్కూళ్లు కూడా ఉన్నాయి, యాజమాన్యాలు ఇంకా ఎక్కువ.

నేను ఆరులో చేరినప్పుడు మూడు రోజులు బి సెక్షన్‌లో కూర్చున్నాను. హాజరుపట్టీలో నా పేరు రాలేదు. అడగడానికి భయం. నాలుగో రోజు అటెండర్ వచ్చి, ‘రేయ్, నువ్వు ఏ సెక్షన్ కదరా, రా’ అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. ఆ బడిలో నాకు మొదట తెలిసిన మనిషి ఆయనే. హెడ్మాస్టరును దగ్గరగా చూసింది మాత్రం ఆగస్టు 15న, మిఠాయి పంచేటప్పుడు.

2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చి ప్రవేశ పరీక్షలు వద్దంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు లెక్కలు-సైన్సుకు, సోషల్‌కు, భాషలకు కనీసం ఒక్కో టీచరు ఉండాలంది. మంచిదే. పరీక్ష పోయిన చోట పరిచయం రావాల్సింది, అది మాత్రం రాలేదు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదిని మధ్య దశ అని విడిగా గుర్తించింది. ఒకటో తరగతిలో చేరేవాళ్లకు మూడు నెలల ఆటపాటల సన్నద్ధత కూడా రాసింది. ఆరుకు అలాంటిది రాయలేదు. పదకొండేళ్లొచ్చాయి కదా, వాళ్లే చూసుకుంటారులే అనుకున్నారేమో.

2022లో జీవో 117తో కిలోమీటరు లోపున్న ఊరి బడుల్లోని మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు పంపారు. ఎనిమిదేళ్ల పిల్లలు పదో తరగతి వాళ్ల మధ్య ప్రేయర్‌లో నిలబడ్డారు. తల్లులు గొడవపడ్డారు, వాళ్ల భయం నాకు అర్థమైంది. 2025లో ఆ జీవో పోయింది. 2022లో మూడో తరగతికే హైస్కూలుకు పోయిన పిల్లలు సరిగ్గా ఆ ఏడాదే ఆరుకు వచ్చారు. అలాంటి చోట్ల ఒకే బెంచీ మీద మూడేళ్లుగా ఆ ఆవరణంతా తెలిసినవాడూ, నిన్న ఊరి నుంచి ఆటోలో దిగినవాడూ పక్కపక్కన కూర్చున్నారు. మొదటివాణ్ణి రెండోవాడికి జత చేస్తే సరిపోయేది, ఖర్చు కూడా లేదు. మా దాయాదుల పిల్ల చదివే బడిలో లెక్కల మేడం ఈ పనే చేసింది. ప్రేయర్ అయ్యాక పిల్లల్ని జతలుగా నీళ్ల ట్యాంకు దగ్గరికీ, వంటగదికీ, స్టాఫ్ రూంకీ పంపి, ‘లోపల ఎవరెవరు కూర్చున్నారో పేర్లు అడిగి రాసుకు రండి’ అంది. సార్లు నవ్వుకుంటూ పేర్లు చెప్పారట. వంటమ్మ మాత్రం, ‘నా పేరు కూడా రాసుకోండమ్మా’ అని పిలిచి మరీ రాయించుకుంది.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రులనూ టీచర్లనూ కూర్చోబెట్టి మెగా పీటీఎం పెట్టారు. మరుసటి విద్యా సంవత్సరం దాన్ని జూలై 10కి ముందుకు తెచ్చారు. బడి తెరిచిన నాలుగు వారాలకు. అప్పటికి ఆ పిల్లలంతా బాత్రూం ఎటో కనుక్కునే ఉంటారు.