పలక అంతకుముందు బురద

చిన్నప్పుడు పలక నల్లబడాలని బొగ్గూ దొండాకూ నూరి రుద్దేవాళ్లం. అది మార్కాపురం పలక అని తెలుసు గానీ, ఒకప్పుడు సముద్రం అడుగున బురద అని మాకెవరూ చెప్పలేదు.

ఆ బురద గ్రానైటు లాంటి రాళ్లు చివికితే వచ్చింది. భూమి లోపల కరిగిన రాయి అక్కడే నిదానంగా చల్లారితే గ్రానైటు అవుతుంది. పైనున్నదంతా కొట్టుకుపోయి అది బయటపడ్డాక, వానలకు దానిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం బంకమట్టిగా మారుతుంది. క్వార్ట్జ్ అనే ఇంకో ఖనిజం మొండిది, ఇసుకగా మిగిలిపోతుంది. వంద కోట్ల ఏళ్లకు ముందు, ఇప్పుడు నల్లమల ఉన్నచోట సముద్రం ఉండేది. అందులో చేరిన మట్టి పొరలు పొరలుగా పేరుకుని, పై బరువుకు నీరు పిండుకుపోయి, షేల్ అనే పెళుసు రాయి అయింది. దానితో పలక చెయ్యలేం.

తర్వాత తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి ఆ పొరలన్నీ ముడతలు పడ్డాయి. రెండు మూడు వందల డిగ్రీల వేడిలో బంకమట్టి సన్నటి అభ్రకపు రేకులుగా మారింది. ఆ రేకులన్నీ ఒత్తిడికి అడ్డంగా ఒకే వైపు తిరిగి సర్దుకున్నాయి. ఉలి పెట్టి తడితే రాయి పల్చగా విడిపోయేది ఆ రేకుల వెంబడే. బురద పొరల వెంట విడిపోతుందని నేనూ చాలాకాలం అనుకున్నాను. కొన్ని పలకల మీద ఏటవాలుగా లేత రంగు చార కనిపిస్తుంది చూడండి, పాత బురద పొర అదీ!

ఇలాంటి బురదే మరింత లోతుకు దిగి, ఎనిమిది వందల డిగ్రీలు దాటి ఉడికితే? విశాఖలో కైలాసగిరి ఎక్కితే కాళ్ల కింద ఉండే ఖొండలైట్ అదే. ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరది. మట్టి ఆనవాలే ఉండదు, ఎర్రటి గార్నెట్ గింజలు మెరుస్తుంటాయి. మధ్యలో తెల్లటి చారలు ఉన్నాయంటే, అక్కడ రాయి కొంత కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట, దాదాపు గ్రానైటులాగే.

కోణార్క్ గుడి గోడలు కూడా ఎక్కువగా ఖొండలైటే. అక్కడి శిల్పాల ముఖాలు ఉప్పుగాలికి, వానకి అరిగిపోతున్నాయి. రాయిలోని ఫెల్డ్‌స్పార్ మళ్లీ బంకమట్టి అవుతోంది.